విప్పని మడత
ఎదిగే పిల్లనని మా అమ్మ నా స్కూలు స్కర్టు అంచును నాలుగు వేళ్ల వెడల్పున లోపలికి మడిపించి కుట్టించింది. నాకు పదకొండో ఏడు వచ్చాక రెండేళ్లలో దర్జీ నడుము దగ్గర మూడుసార్లు విప్పి వదులు చేశాడు గానీ, కింది మడతను ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిన పిల్లకు హార్మోను పరీక్షలు చేయించాలని అప్పట్లో మాకు చెప్పినవారు లేరు. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చినా, మొదట చూసిన డాక్టరు తిండి తగ్గించమని మాత్రమే అన్నారు. రెండు పుల్కాలతో సరిపెట్టుకుని ఆకలితో పడుకున్న ఆ రాత్రులను తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అందులో నా తప్పేమీ లేదు.

చివరకు నా రక్తపోటు కూడా ఎక్కువగా ఉందని గమనించిన ఒక పిల్లల డాక్టరు మమ్మల్ని హైదరాబాదుకు, హార్మోన్ల వైద్యురాలి దగ్గరకు పంపారు. 24 గంటల మూత్రంలోనూ, అర్ధరాత్రి తీసిన లాలాజలంలోనూ కార్టిసాల్ అనే హార్మోను మోతాదు మించి ఉంది. ఎంఆర్ఐలో, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో 4 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. అది క్యాన్సర్ కాదని, కానీ అది వదిలే ఏసీటీహెచ్ అనే హార్మోను వల్ల మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రాత్రింబవళ్లు కార్టిసాల్ తయారుచేస్తూ ఎదుగుదలను ఆపేస్తున్నాయని, దీన్ని కుషింగ్ వ్యాధి అంటారని డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పారు.

పుర్రె తెరవకుండా, ముక్కులోంచి ఎండోస్కోపుతో వెళ్లి గడ్డను తీశారు. ముక్కు చీదవద్దని, గొంతులోకి ఉప్పగా నీరు దిగితే మెదడు చుట్టూ ఉండే ద్రవం కారుతున్నట్టే కనుక వెంటనే చెప్పమని హెచ్చరించారు. అది జరగలేదు గానీ, ఒంట్లో నీటిని నిలిపే హార్మోను తగ్గి రెండో రోజు మూత్రం ఆగకుండా పోయింది. నేను తాగిన ప్రతి గ్లాసునూ, పోసిన ప్రతిసారీ మూత్రాన్నీ అమ్మ కొలిచి నోటుబుక్కులో రాసింది. ఆ హార్మోనులా పనిచేసే డెస్మోప్రెసిన్ మందు ఇచ్చాక నాలుగు రోజుల్లో సర్దుకుంది.

ఆపరేషన్ తర్వాత కార్టిసాల్ దాదాపు లేనట్టే వచ్చింది. గడ్డ పోయిందనడానికి అదే మంచి గుర్తు, పీయూష గ్రంథిలో ఇన్నాళ్లూ అణగి ఉన్న మంచి కణాలు మేలుకోవడానికి నెలలు పడుతుందన్నారు. అందుకే పదకొండు నెలలు, కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలు వేసుకున్నాను. జ్వరం వస్తే మోతాదు పెంచాలని, వాంతులైతే ఇంజెక్షన్ ఇవ్వాలని రాసిన కార్డు ఎప్పుడూ నా సంచిలో ఉండేది. ఆపరేషన్ కంటే ఆ మొదటి నెలలే కష్టం: కీళ్ల నొప్పులు, మంచం దిగలేని నీరసం.

ఎనిమిదో నెలలో అమ్మ స్కర్టు నడుము బిగించి, బ్లేడుతో కింది మడత కుట్టు విప్పింది. పైభాగమంతా వెలిసిపోయి ఉంటే, ఆ నాలుగు వేళ్ల గుడ్డ మాత్రం కొత్తదానిలా ముదురు నీలంగా ఉంది. మర్నాడు ఆ స్కర్టే వేసుకుని బడికి వెళ్లాను.