నిలోఫర్ వరండాలో ఒక పూట

ఉదయం ఆరున్నరకే క్యారియర్ కట్టుకుని హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి బయలుదేరాను. చెల్లెలి కూతురికి మొన్న కాన్పయింది. పాపకు కామెర్లు కాస్త ఎక్కువగా ఉన్నాయని లైటు కింద పెట్టారు. బాలింతకు పథ్యం భోజనం నా వంతు. బీరకాయ కూర, వెల్లుల్లి కారం, మెత్తగా వండిన అన్నం. లోపలికి ఒక్కరినే పంపుతారు కాబట్టి చెల్లెలు వెళ్లింది, నేను వరండాలో కూర్చున్నాను.

పక్కన మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవడి కోసం ఎదురుచూస్తోంది. రాత్రంతా బస్సులో వచ్చారట. టీ తాగుతుంటే ఆసుపత్రి మాట వచ్చింది. "పిల్లలు లేని రాణి కట్టించిందట కదమ్మా, ఆ దిగులు తీరక" అంది. టీ పోసే అతను కూడా అవునన్నట్టు తలూపాడు. నేనూ చిన్నప్పటి నుంచి ఇదే కథ వింటున్నాను. వినడానికి బాగుంటుంది, కళ్లు చెమరుస్తాయి. కానీ నాకెందుకో ఈ కథ నచ్చదు. ఆడది ఏ మంచి పని చేసినా దానికి కారణం ఆమె కడుపులోనే వెతకాలా?

నాకు తెలిసినంతలో ఆమె జీవితం ఇది. నిలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు సుల్తాన్ ఐదో మురాద్‌కు మునిమనవరాలు. రెండేళ్ల పసితనంలోనే తండ్రి పోయాడు. 1924 మార్చిలో టర్కీ కొత్త ప్రభుత్వం ముస్లింల మతపెద్ద అయిన ఖలీఫా పదవిని రద్దు చేసి రాజవంశాన్నంతా దేశం దాటించింది. అలా ఎనిమిదేళ్ల పిల్ల తల్లితో కలిసి ఫ్రాన్స్‌లోని నీస్ చేరింది. పదవి పోయిన ఖలీఫాకు మన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నెలనెలా డబ్బు పంపేవాడు. ఆ సంబంధమే పెళ్లిళ్ల దాకా వచ్చింది. 1931 నవంబరులో నీస్‌లో ఒకే రోజు రెండు నిఖాలు జరిగాయి. ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను పెద్ద కొడుకు ఆజం జాకు, నిలోఫర్‌ను రెండో కొడుకు మొఅజ్జం జాకు ఇచ్చారు. అప్పటికి నిలోఫర్‌కు పదిహేనేళ్లు. ఈ రోజుల్లో అయితే పదో తరగతి పరీక్షలు రాసే వయసు.

హైదరాబాద్ వచ్చాక కాపురం హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో. ఆమె అందం గురించీ చీరల గురించీ ఫొటోల గురించీ ఊరంతా చెప్పుకునేది, ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంది. పరదా పాటించకుండా విందులకు వెళ్లేదని, యుద్ధకాలంలో నర్సు పని నేర్చుకుందని మాత్రం కొందరే గుర్తుచేస్తారు.

ఆసుపత్రికి అసలు కారణం ఆమె దగ్గర పనిచేసిన మనిషి, పేరు రఫత్. ఆ రఫత్ కాన్పులో చనిపోయింది. మంచి వైద్యం దగ్గర్లో ఉంటే బతికేదేమో. ఇక ఏ రఫతూ ఇలా పోకూడదని నిలోఫర్ పట్టుబట్టిందని చెబుతారు. అంటే ఇది తల్లుల ప్రాణం గురించిన ఆలోచన. ఇంట్లో పనిచేసే మనిషి చావును "అయ్యో" అని వదిలేయని మనిషి ఆలోచన. ఆమెకు పిల్లలు లేరన్నది నిజమే, ఆ బాధా ఉండే ఉంటుంది. కానీ ఇద్దరు కొడుకులున్న దుర్రు షెహ్వార్ పేరిట కూడా పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఉంది. మరి ఆమెకు ఏ దిగులు అంటగడతారు? పెద్దావిడతో ఈ మాటే అన్నాను. "పోనీలే, ఎందుకు కట్టినా మన పిల్లలకు పనికొచ్చింది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిలోఫర్ భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. 1952లో విడాకులయ్యాయి. మరుసటి ఏడాది రెడ్ హిల్స్‌లో ఆమె పేరున ఆసుపత్రి మొదలయ్యేనాటికి ఆమె నిజాం కోడలు కాదు, హైదరాబాద్‌లో నిజాం పాలనా లేదు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. అయినా పేరు మార్చలేదు. తర్వాత 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్లాడి పారిస్‌లోనే ఉండిపోయింది, 1989లో అక్కడే పోయింది. ఆ రెండో పెళ్లి సంగతి మన కథల్లో ఎక్కడా వినపడదు. దిగులు రాణిగానే ఉంచితే మనకు సౌకర్యం కాబోలు.

పదకొండు గంటలకు చెల్లెలు బయటకు వచ్చింది. పాప పాలు తాగుతోందట, రెండు రోజుల్లో పంపేస్తామన్నారట. తిరిగొచ్చి బట్టలు ఆరేసి, బ్యాంకు పని చూసుకునేసరికి సాయంత్రమైంది.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా ఆయనతో చెప్పాను. ఆయన అసలే లెక్కల మనిషి. "ఆ సొమ్ము ఎవరిది? రైతుల నుంచి పిండిన శిస్తే కదా. అదే సమయంలో తెలంగాణ పల్లెల్లో జనం తుపాకులు పట్టారు" అన్నారు. కాదనలేను. మా తాతగారి ఊరు నల్లగొండ జిల్లాలోనే, వెట్టిచాకిరీ కథలు వింటూ పెరిగినదాన్ని. రాజుల దానం రాజుల చెమట కాదు. అయినా ఆ శిస్తు సొమ్ము వజ్రాల పెట్టెల్లోకి పోకుండా కాన్పుల వార్డు వైపు మళ్లిందంటే, అడిగినవాళ్లు ఒకరు ఉండాలి కదా అన్నాను. "అడగడం సులువు" అన్నారు. అంత పెద్ద కొలువులో, మామగారి చేతి మీదుగా బతికే పరాయి దేశపు కోడలికి అది సులువని నేననుకోను.

"రేపు క్యారియర్ మీరే తీసుకెళ్లండి, ఆ వరండాలో కూర్చుని శిస్తు సంగతి మాట్లాడండి" అన్నాను. సరేనన్నారు. అయితే బీరకాయ వద్దట, పొట్లకాయ చేయమన్నారు, తనకూ కాస్త మిగిల్చి.