అప్పగింతలకి నేను లేను

నిన్న రాత్రి బీచ్ రోడ్డులో ఒక పెళ్ళిలో వయొలిన్ వాయించా. అప్పగింతలు, పెళ్ళికూతురి చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతున్నారు, నేను ముఖారి రాగం ఎత్తుకున్నా, వాళ్ళ నాన్న కండువాతో మొహం కప్పేసుకున్నాడు, నేనేమో పేమెంట్ ఎప్పుడిస్తారా అని వాచీ చూస్తున్నా.

అప్పుడు తగిలింది. మా చెల్లి అప్పగింతలకి నేను లేను. 2017లో, తలంబ్రాలు అవ్వగానే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసా, మర్నాడు హైదరాబాద్‌లో రికార్డింగ్ ఉందని. ఆ పాటలో నా బిట్ తీసేసి కీబోర్డ్ పెట్టేశారు లెండి, అది వేరే కథ.

డిప్లొమా రోజుల్లో పొద్దున్నే విజయనగరం పాసింజర్, వయొలిన్ పెట్టె ప్లాట్‌ఫాం దాకా నాన్నే మోసేవారు. 1919లో పెట్టిన సంగీత కాలేజీ, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయిన చోటు, అక్కడ చదువుతున్నామంటేనే కాలర్ ఎగరేసేవాళ్ళం. కింద కూర్చుని వాయించీ వాయించీ కుడి చీలమండ మీద కాయ కాసింది, అది ఇంకా ఉంది. నాన్న లేరు. ఆయన ఆఖరి ఏడాది నేను ఇంటికొచ్చింది మూడుసార్లు, మూడూ ప్రోగ్రాం ఇక్కడ పడ్డాయని.

రాత్రి పన్నెండుకి చెల్లికి ఫోన్ చేశా. "ఏటన్నయ్యా ఈ టైంలో?" అంది. ఏం లేదమ్మా ఊరికే, అన్నా. వెనకాల దాని కూతురు నిద్రమొహంతో ఎవరమ్మా అంటోంది.

"వయొలిన్ మావయ్యే, పడుకో."