మా వీధికి నీళ్ళ పైపు, మా వంతు 23,400 డాలర్లు

పోయిన గురువారం మా టౌన్‌షిప్ (ఇక్కడి పంచాయతీ లాంటిది) నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద రోడ్డు దగ్గర ఆగిపోయిన మంచినీళ్ళ మెయిన్ పైపుని మా వీధిలోకి తెస్తారట. 31 ఇళ్ళు పంచుకోవాలి. మా వంతు 23,400 డాలర్లు. ఒకేసారి కట్టెయ్యొచ్చు, లేదా వడ్డీతో 15 ఏళ్ళ పాటు ప్రాపర్టీ టాక్స్‌తో కలిపి కట్టుకోవచ్చు. ఇక్కడ మిషిగన్‌లో దీన్ని స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. ఆ కాగితం చదివిన రాత్రి నాకూ మా ఆయనకీ నిద్ర లేదు.

నీళ్ళు వద్దని కాదు. బోరు నీళ్ళతో పడే పాట్లు నాకు బాగా తెలుసు. బేస్‌మెంట్‌లో ప్రెషర్ ట్యాంకు, దాని పక్కన కఠిన జలాన్ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్. 40 పౌన్ల ఉప్పు బస్తాలు నెలకి రెండు, మెట్లు దిగి మోసుకెళ్ళి పొయ్యాలి. ఒక్క నెల మర్చిపోయామా, టబ్బులో కుళాయి చుక్క పడేచోట తుప్పు రంగు చార తేలుతుంది. మామయ్యగారు వచ్చినప్పుడు ఆయన తెల్ల పంచెలు రెండు అలాగే పాడయ్యాయి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, నీళ్ళూ ఆగుతాయి. 2023 ఫిబ్రవరి ఐస్ స్టార్మ్‌కి నాలుగు రోజులు కరెంటు లేదు. వెనక పెరట్లో మంచు గిన్నెలకెత్తి తెచ్చి, గ్యాస్ పొయ్యి మీద కరిగించి టాయిలెట్లలో పోశాం. పైగా ఈ చుట్టుపక్కల బోర్లలో ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది కాబట్టి ఏటా టెస్టు చేయించుకోవాలి.

అయినా ఆ ఉత్తరం నన్ను బాధపెట్టింది. ఆ 23,400 పైపు మా ఇంటి ముందుకి రావడానికి మాత్రమే. అక్కడి నుంచి ఇంట్లోకి రావాలంటే కనెక్షన్ ఫీజు, 120 అడుగుల కందకం, ప్లంబరు కూలి, పాత బోరు మూయించే ఖర్చు. ప్లంబరు నోటిమాటగా చెప్పిందే 9,000. ఈ లెక్క ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇల్లు గలవాళ్ళకి మొత్తం ఎంతవుతుందో ముందే చెప్పడం కనీస ధర్మం.

ఇంకో తెలుగమ్మాయి మా వీధిలోనే ఉంటుంది. "అమ్మేటప్పుడు రేటొస్తుంది కదక్కా" అంది. వాళ్ళు మూడేళ్ళలో టెక్సస్ వెళ్ళిపోదామనుకుంటున్నారు, వాళ్ళకి ఆ లెక్క సరిపోతుంది. మా ఎదురింటి పెద్దాయనకి 81. ఒంటరిగా ఉంటాడు. రెండేళ్ళ కిందటే కొత్త బోరు వేయించాడు. ఆ బిల్లు, ఈ ఉత్తరం రెండూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వంటింటి బల్ల మీద నాకు చూపించాడు. పదిహేనేళ్ళ వాయిదాలంటే ఆయనకి 96 వస్తాయి. "ఈ ఇల్లు వదిలి నేనెక్కడికి పోవాలి?" అన్నాడు. ఇక్కడికి ఫ్లింట్ దగ్గరే, 2014 నుంచి పైపు నీళ్ళలో సీసం కలిసి ఆ ఊరు పడ్డ అవస్థ ఆయన మర్చిపోలేదు. పైపు నీళ్ళంటేనే నమ్మకం లేదు.

రెండు రాత్రులు కూర్చుని చదివాను. టౌన్‌షిప్‌లు ఇలా వసూలు చేసేది 1954 నాటి 188వ చట్టం కింద. పైపు వెయ్యాలనుకున్న పరిధిలో 20 శాతానికి మించిన భూమి గలవాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, సగానికి మించిన భూమి గలవాళ్ళ సంతకాలతో పిటిషన్ వచ్చేదాకా టౌన్‌షిప్ బోర్డు ముందుకెళ్ళకూడదు. నోవై అంటే ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఊరే. అక్కడ డిక్సన్ రోడ్డు బాగుచేసినందుకు ఇళ్ళవాళ్ళ మీద వేసిన మొత్తం, ఆ రోడ్డు వల్ల పెరిగిన స్థలాల విలువకి రెండింతలు దాటింది. 1986లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది చెల్లదంది. అందుకే మా ఇళ్ళ విలువ ఎంత పెరుగుతుందని లెక్కగట్టారో చూపించమని అడగబోతున్నాను.

ఎవరి వంతు ఎంతో ఖరారు చేసే హియరింగ్‌లో, మనిషి వెళ్ళి గానీ రాసిచ్చి గానీ అభ్యంతరం చెప్పకపోతే తర్వాత పన్నుల తగాదాలు విచారించే టాక్స్ ట్రిబ్యునల్‌కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. మీకెవరికైనా ఇలాంటి ఉత్తరం వస్తే ఆ తేదీ దాటనివ్వకండి.

మాకు మొదటి హియరింగ్ మంగళవారం సాయంత్రం 7 గంటలకి. పెద్దాయన అభ్యంతరం చెబుతూ ఇచ్చే ఉత్తరం కూడా నేనే టైపు చేశాను. చదవలేకపోతున్నానంటే అక్షరాలు పెద్దవి చేసి మళ్ళీ ప్రింటు తీసిచ్చాను. వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుని, రెండు పేజీల కిందా సంతకం పెట్టాడు. ఆరున్నరకి ఆయన్ని మా కారులో ఎక్కించుకోవాలి.