లాటరీ తీసిన మండలాలు: ఉపాధి కూలీ, స్మార్ట్ కార్డు, ఒక మంచి పరిశోధన

విశ్వవిద్యాలయాల పరిశోధన ప్రభుత్వాలకు ఎందుకు అక్కరకు రావడం లేదని అడిగితే, ఎక్కువసార్లు నాకు కనిపించే కారణం ఒకటే: పథకం ఊళ్లలోకి వెళ్లిపోయాక పరిశోధకులు వస్తారు. అప్పటికి పోల్చి చూడటానికి పథకం అందని ఊరు మిగలదు. ఆ తప్పు జరగని ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీనీ పింఛన్లనూ స్మార్ట్ కార్డుతో చెల్లించిన పథకం మీద ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన అధ్యయనం అది. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి.

అంతకుముందు ఉపాధి కూలీ చాలావరకు పోస్టాఫీసు ద్వారా వచ్చేది. కొత్త పద్ధతిలో జిల్లాకో బ్యాంకు. ఊళ్లోనే ఉండే, పొదుపు సంఘంలో సభ్యురాలైన ఒక మహిళ చిన్న యంత్రంతో డబ్బు పంచేది. ముందే నమోదైన వేలిముద్రతో సరిపోతే డబ్బు, రసీదు చేతికొచ్చేవి. ఎనిమిది జిల్లాల్లో (ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం) మొదట ఒప్పుకున్న బ్యాంకులు పని ముందుకు నడపలేదు. 2010లో ఆ ఒప్పందాలు రద్దు చేసి వేరే బ్యాంకులకు ఇచ్చారు. అంటే అక్కడ అమలు దాదాపు మొదటి నుంచి మొదలవుతోంది. పరిశోధకులకు తలుపు తెరుచుకున్నది సరిగ్గా అప్పుడే.

అన్ని మండలాలకూ ఒకేసారి కార్డులివ్వడం ఎలాగూ కుదరదు. మరి ముందు ఎవరికి? మామూలుగా ఇలాంటి వరస ఎమ్మెల్యే ఒత్తిడితోనో, రోడ్డు బాగున్న ఊళ్లను బట్టో తేలుతుంది. ఇక్కడ లాటరీ తీశారు. 112 మండలాలకు మొదట, 45 మండలాలకు చివర. మధ్యలో 139 మండలాలను సర్వే చేయకుండా వదిలేశారు. ఈ మధ్య గుంపు వృథా కాదు. మొదటి గుంపులో పని పూర్తయ్యాక బ్యాంకు సిబ్బంది వెంటనే చివరి గుంపులోకి దిగితే పోలిక చెడిపోతుంది. ఆ 139 మండలాలే రెండేళ్ల వ్యవధి ఇచ్చాయి. ప్రభుత్వం ఎవరికీ ఏదీ నిరాకరించలేదు, వరస మాత్రమే లాటరీకి వదిలింది. అధికారులను ఒప్పించాలనుకునే పరిశోధకులు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

ఇక అసలు కష్టమైన పని దొంగ మస్టర్లను (పని చేయకపోయినా చేసినట్టు రాసిన హాజరు పట్టీలను) కొలవడం. ప్రభుత్వ రికార్డులో ఏ జాబ్ కార్డుకు ఎంత చెల్లించారో ఉంటుంది. అందులోంచి కొన్ని కుటుంబాలను ఎంచుకుని, ఇంటికెళ్లి ‘ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత చేతికొచ్చింది’ అని అడగాలి. రెండింటి మధ్య తేడాయే లీకేజీ. అడిగేవాళ్లు శాఖ మనుషులైతే, ఊళ్లో హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్‌కు భయపడి జనం నిజం చెప్పరు. ఆలస్యంగా అడిగితే రోజులు మరిచిపోతారు. అందుకే పని ఎక్కువగా ఉండే వేసవి వారాలను తీసుకుని, వాటి గురించి ఆ వెంటనే వచ్చే నెలల్లో స్వతంత్ర బృందంతో అడిగించారు. ఇల్లు తాళం వేసి ఉంటే వలస వెళ్లారా, అసలు అలాంటి మనిషే లేడా అన్నది కూడా తేల్చాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

రెండేళ్లు గడిచినా మొదటి గుంపులో సగం చెల్లింపులే కార్డు మీదికి మారాయి. కార్డు అందిన ఊళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఫలితం ఇంకా గొప్పగా కనిపించేది, కానీ బాగా నడిచే ఊళ్లకే కార్డు ముందు అందుతుంది కాబట్టి అది అబద్ధపు లెక్క. వీళ్లు అందని ఊళ్లనూ కలిపే లెక్కించారు. అలా చూసినా కూలీ తీసుకోవడానికి పట్టే సమయం దాదాపు 112 నిమిషాల నుంచి 22 నిమిషాలు తగ్గింది. చెల్లింపుల ఆలస్యం 29 శాతం తగ్గింది. కుటుంబాలు చెప్పిన ఉపాధి ఆదాయం 24 శాతం పెరిగింది, లీకేజీ 41 శాతం పడిపోయింది. ప్రభుత్వ ఖర్చు మాత్రం పెరగలేదు. అదే డబ్బు, మధ్యలో ఆగకుండా కూలీకి చేరింది.

ఇంత మంచి పథకం కూడా 2013లో ఆగిపోయే దాకా వచ్చింది. డబ్బు మధ్యలో తినే దారి మూసుకుపోయినవాళ్ల ఫిర్యాదులు పైదాకా వెళతాయి. పది రోజులు ముందుగా కూలీ అందుకున్న మనిషి హైదరాబాద్‌కు ఉత్తరం రాయదు. కార్డు వాడినవాళ్లలో దాదాపు 90 శాతం మంది పాత పద్ధతికన్నా ఇదే నయమన్నారని సర్వే చూపించింది. పథకం నిలవడంలో ఆ అంకెకు పాత్ర ఉంది. పరిశోధకులు లబ్ధిదారుల అభిప్రాయాన్ని అడగడం ఆనవాయితీ కోసం కాదు, మంత్రి చెవికి చేరని గొంతు అదొక్కటే కాబట్టి.

లాటరీ ఊరి స్థాయిలో కాకుండా మండల స్థాయిలో తీయడం వల్ల ఇంకొకటి బయటపడింది. కూలి రేట్లు ఒక ఊరికి పరిమితం కావు, చుట్టుపక్కలంతా కదులుతాయి. ఉపాధి పని నమ్మకంగా దొరికితే, డబ్బు వేళకు వస్తే, పొలం పనికి పిలిచేవాళ్లు కూడా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. అదే బృందం తర్వాతి అధ్యయనంలో పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ బయటి నుంచే వచ్చిందని తేలింది. కూలి పెరిగితే పని దొరకదన్న భయానికి భిన్నంగా, బయటి పని దినాలు కూడా పెరిగాయి. ఊరికో లాటరీ తీసి ఉంటే ఇదేమీ కనిపించేది కాదు.

అయితే ‘వేలిముద్ర పెడితే అవినీతి పోతుంది’ అని ఇందులోంచి తీర్పు తీయకూడదు. ఈ ముగ్గురే జార్ఖండ్‌లో రేషన్ దుకాణాల ఆధార్ వేలిముద్రను 132 బ్లాకుల్లో (మన మండలాల్లాంటివి) ఇదే తీరులో పరీక్షించారు. అక్కడ వేలిముద్ర తప్పనిసరి చేసినంత మాత్రాన లీకేజీ తగ్గలేదు. సరుకు తెచ్చుకునే ఖర్చు 17 శాతం పెరిగింది. ఆధార్ జోడించని కార్డులవాళ్లకు అందే విలువ సుమారు 10 శాతం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు మామూలు పద్ధతిలో చెల్లింపు కొనసాగింది, డబ్బిచ్చే మనిషి ఊళ్లోకే వచ్చింది. జార్ఖండ్‌లో డీలరు మారలేదు, దుకాణం మారలేదు, తనిఖీ మాత్రం పెరిగింది. కొత్త యాప్ తెచ్చే శాఖ ఏదైనా ముందు తేల్చాల్సిన సంగతి ఇది: వేలిముద్ర పడని ముసలమ్మకు ఆ రోజే, ఆ ఊళ్లోనే, ఎవరి సంతకంతో డబ్బు అందుతుంది?