డెల్టా కాళ్ళకు కొండ దిగడమే కష్టం

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు ఎత్తు అంటే ఏటిగట్టు, మహా అయితే కొబ్బరిచెట్టు. అలాంటి ఊరి నుంచి బయలుదేరి నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే కాలిదారి అన్నపూర్ణ సర్క్యూట్ నడుస్తానని, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతానని చెప్పినప్పుడు, ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటని ఎరిగిన మా పెద్దమ్మ, "పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానం ఉందటగా, అక్కణ్ణుంచి జీపెక్కి వెళ్ళి దణ్ణం పెట్టుకుని రాక ఈ నడకేమిట్రా?" అని అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే.

ఏటిగట్టు మీద ఎంత నడిచినా దూరం అలవాటవుతుంది తప్ప వాలు అలవాటు కాదు. అందుకని సంచిలో బియ్యం పోసుకుని మేడ మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాను. ఎక్కడంకంటే దిగడానికే ఎక్కువ సాధన కావాలని అప్పుడే అర్థమైంది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బరువును ఆపుతూనే సాగవలసి వస్తుంది కాబట్టి, మర్నాడు పుట్టే నొప్పుల్లో ఎక్కువ పాలు దిగినందువల్ల వచ్చేవే.

దారి మొదట్లో మెట్లు మెట్లుగా వరిమళ్ళు కనిపించాయి. పై మడి నీరు కింది మడిలోకి జారే తీరు చూస్తూ నేను అవసరానికి మించి అక్కడక్కడే నిలబడిపోయాను. కాలువ కింద సేద్యం చేసే ఇంట పుట్టినవాడికి అది మంచు శిఖరంకంటే ఆసక్తికరమైన దృశ్యం. పైకి పోయేకొద్దీ వరి పోయి బార్లీ, బక్‌వీట్ చేలు వచ్చాయి, దాల్ భాత్ ధర మాత్రం ఎత్తుతో పాటే పెరిగింది.

కనుమ దగ్గర కూడా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగానికి పడిపోతుంది, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దానికి నెమ్మదిగా అలవాటు పడాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు; దాదాపు 3,500 మీటర్ల ఎత్తులోని మనాంగ్‌లో అందరూ అదనంగా ఆగుతారు, పగలు పైకి ఎక్కి రాత్రికి కిందికే వచ్చి పడుకుంటారు. ఆగడమంటే పని మానడమని భావించే మనవాళ్ళకు ఇది రుచించదు. అయినా తలనొప్పి, వికారం ఉన్నప్పుడు పైకి పోకూడదు, అవి ముదిరితే దిగిపోవడమే మందు.

పొద్దెక్కితే కనుమలో గాలి ఉద్ధృతమవుతుంది కనుక చీకటిలోనే బయలుదేరాము. ఎక్కడం నిదానంగా, ఊహించినంత కష్టం లేకుండానే ముగిసింది. ఆ తరువాత ఒక్క పూటలో 1,600 మీటర్లు దిగాలి. చేతికర్రలు లేకపోతే నా మోకాళ్ళు ఏమయ్యేవో చెప్పలేను. మేడ మెట్ల సాధన కొంత ఆదుకుంది గానీ, గులకరాళ్ళు జారే వాలుకు సిమెంటు మెట్లు సాటి రావు.

ముక్తినాథ్ నుంచి జోమ్‌సోమ్‌కు నడిచేవాళ్ళు ఉదయమే బయలుదేరాలి. మధ్యాహ్నానికి కాళీగండకి లోయలో దుమ్ముతో కూడిన గాలి సరిగ్గా ఎదురుగా వీస్తుంది.