1980 నాటి జపాన్ గిటార్‌ను మళ్లీ వాయింపుకు తెచ్చుకున్నాను: నా అనుభవం

పాత జపాన్ ఎలక్ట్రిక్ గిటార్ కోసం వెతికేవారికి ‘దావా కాలపు గిటార్’ అనే వర్ణన అడుగడుగునా ఎదురవుతుంది. అమెరికా గిటార్ తయారీసంస్థ గిబ్సన్‌కు మాతృసంస్థ అయిన నార్లిన్ 1977లో జపాన్ ఐబనీజ్ గిటార్ల అమెరికా పంపిణీదారైన ఎల్గర్ సంస్థ మీద వేసిన దావా దీనికి మూలం. గొడవంతా గిబ్సన్‌దాన్ని పోలిన గిటార్ తలభాగపు ఆకారం గురించే. దావా పడేనాటికే ఐబనీజ్ ఆ ఆకారాన్ని మార్చేసుకుంది, మరుసటి ఏడాది ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. అయినా ఆ పదిపదిహేనేళ్లలో జపాన్‌లో తయారైన ప్రతి గిటార్‌కూ అమ్మేవారు ఈ ముద్ర తగిలించి ధర పెంచుతూనే ఉంటారు. నేను కొన్న ఐబనీజ్ ‘ఆర్టిస్ట్’ మోడల్‌నూ అదే ముద్రతో అమ్మజూపారు. తలభాగం వెనుక ఉన్న క్రమసంఖ్య మాత్రం ‘సి’ అక్షరంతో మొదలై, ఆ వెంటనే 80 అని చెబుతోంది. అప్పటి ఐబనీజ్ సంఖ్యల్లో మొదటి అక్షరం నెలకు గుర్తు. జనవరికి ‘ఎ’తో మొదలై డిసెంబరుకు ‘ఎల్’ దాకా వెళుతుంది. దాని తర్వాతి రెండంకెలు సంవత్సరం. అంటే ఇది 1980 మార్చిలో, రాజీ కుదిరిన రెండేళ్లకు తయారైన గిటార్. పైగా ఆర్టిస్ట్ మరొకరి గిటార్‌కు నకలు కాదు. రెండు వైపులా సమానంగా లోపలికి కోసిన ఆ ఆకారం ఐబనీజ్ తనకంటూ ఏర్పరచుకున్నది, నేను దాన్ని ఎంచుకున్నదీ అందుకే.

ఐబనీజ్ అనేది నగోయాలోని హోషినో గక్కి వారి వ్యాపారనామం మాత్రమే. ఈ కాలపు ఆర్టిస్ట్ గిటార్లను చేసింది నగానో ప్రాంతంలోని మత్సుమోతోలో 1960లో మొదలైన ఫుజిజెన్ గక్కి కర్మాగారం. గ్రెకో పేరుతో వచ్చిన గిటార్లు చాలావరకు అక్కడివే, 1982లో మొదలైన ఫెండర్ జపాన్ తొలి గిటార్లూ అక్కడివే. అదే ఊళ్లో ఏరియా ప్రో టూ, వెస్టోన్ పేర్లకు గిటార్లు చేసిపెట్టిన మత్సుమోకు 1987లో మూతపడింది. పాత జపాన్ గిటార్ కొనేవారు తలమీద రాసి ఉన్న పేరు కంటే అది ఏ కర్మాగారంలో ఏ ఏడాది తయారైందో తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం. కర్మాగారం పేరును కూడా మంత్రంలా జపించనక్కర్లేదు. ఒకే చోట తయారైన వాటిలోనే చవకరకాలూ ఉన్నాయి, మేలురకాలూ ఉన్నాయి.

డబ్బు చెల్లించే ముందు నేను అమ్మేవారిని అడిగిన ఫోటోలు నాలుగు రకాలు. పక్కనుంచి ఫ్రెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) కనిపించేలా తీసినవి, నెక్ (గిటార్ మెడ) శరీరంలో కలిసే చోటు, వెనుక మూత తీసి లోపలి వైర్లు, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) మూత తీసి దాని నట్టు తల. ఆర్టిస్ట్‌లో నెక్‌ను శరీరంలోకి జిగురుతో అతికిస్తారు. మరలతో బిగించిన నెక్ పాడైతే దాన్ని విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు గానీ, అతికించిన నెక్‌లో ట్రస్ రాడ్ తిరగనని మొరాయిస్తే ఆ మరమ్మతు గిటార్ విలువనే మింగేస్తుంది. నట్టు అంచులు అరిగిపోకుండా పదునుగా కనిపించడం నాకు మిగతా అన్నిటికంటే ధైర్యమిచ్చింది. వార్నిష్ మీది గీతలు, వెనుకవైపు బెల్టు బకిల్ చేసిన గాయాలు నాకు లెక్కలోకి రాలేదు.

ఫ్రెట్లు బిగించిన పలక, అంటే ఫింగర్‌బోర్డ్, రోజ్‌వుడ్ కావడంతో దేశం దాటించడం గురించి కాస్త చదవవలసి వచ్చింది. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి కలప మొత్తం, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధం కిందికి వచ్చింది. 2019 నవంబరు నుంచి తయారై ఉన్న సంగీత వాద్యాలకు మినహాయింపు దొరికింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1992 నుంచీ మొదటి అనుబంధంలోనే ఉంది కనుక దానికి ఈ మినహాయింపు వర్తించదు. నా గిటార్‌లో ఉన్నది ఆ రకం కాదని అమ్మేవారి నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాను.

వచ్చిన పెట్టెను వెంటనే తెరవకుండా ఒక రాత్రంతా గదిలో ఉంచాను. వేరే వాతావరణం నుంచి వచ్చిన కలపకు, దాని మీది పూతకు, వేడి చలి ఒక్కసారిగా మారితే పగుళ్లు రావచ్చు. మర్నాడు తీగలను శ్రుతి చేసి నెక్ వంపు చూశాను. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ శరీరంలో కలిసే చోట మరో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఫీలర్ గేజ్‌తో కొలవాలి. పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటే చాలు. ఇక్కడ అంతకు రెట్టింపు ఉంది. ట్రస్ రాడ్ నట్టును కుడివైపుకు ఎనిమిదోవంతు చుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి కలప సర్దుకోవడానికి ఒక పూట వదిలేస్తూ పోతే, నెక్ క్రమంగా సరైన వంపుకు వచ్చింది. ఈ పనిలో తొందరపడేవారికి పాత గిటార్లు తగవు.

అసలు కథ ఫ్రెట్ల దగ్గర మొదలైంది. నెక్ చక్కబడి తీగలు కిందికి దిగాక, అంతవరకూ ఎత్తు చాటున దాగిన అరుగుదల బయటపడింది. మొదటి మూడు ఫ్రెట్ల మీద, సన్నని తీగలు తగిలే చోట, గోరు ఆనిస్తే ఆగేంత గుంటలు. ఎవరూ అంతగా వాయించని పైఫ్రెట్లు 1.1 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే, రెండో ఫ్రెట్ గుంట దగ్గర 0.8 మాత్రమే మిగిలింది. రెండో తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి వంచితే, వంపు మధ్యలో గుంట అంచు తగిలి స్వరం చిటపటలాడి ఆగిపోయేది. ఫ్రెట్లన్నీ మార్పించేద్దామని నేను సిద్ధపడ్డాను. గిటార్ మరమ్మతులు చేసే పెద్దాయన గిటార్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, తలభాగం దగ్గర తీగలు ఆనే నట్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూసి, “కొత్తవి ఎప్పుడైనా వేసుకోవచ్చు. వీటిలో ఇంకా ప్రాణముంది కదండీ, ఒకసారి సమం చేసి చూద్దాం” అన్నారు.

ఆయన పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. తీగలన్నీ తీసేసి, ట్రస్ రాడ్‌ను సవరించి నెక్‌ను సూటిగా నిలబెట్టారు. ఫింగర్‌బోర్డ్ మీద టేపు అంటించి, ఫ్రెట్లు మాత్రమే బయటికి కనిపించేలా చేసి, వాటి నడినెత్తిన నల్ల మార్కర్‌తో గీత గీశారు. సాండ్‌పేపర్ అతికించిన పొడవైన ఉక్కు పట్టీని నెక్ పొడవునా, చేతి బరువు తప్ప మరే ఒత్తిడీ లేకుండా నడిపారు. నలుపు చెరిగిన చోటు ఎత్తు, నలుపు మిగిలిన చోటు పల్లం. నాలుగైదు సార్లు నడిపాక పైఫ్రెట్లన్నీ తెల్లబడ్డాయి గానీ, రెండో ఫ్రెట్ గుంటలో సన్నని నల్ల చుక్క ఒకటి మిగిలింది. ఆ చుక్క పోయేదాకా అరగదీస్తే మిగతా ఫ్రెట్ల ఎత్తు వృథాగా పోతుందని ఆయన అక్కడితో ఆపేశారు. ఆ గుంట అంచులను మాత్రం ఆకురాయితో మెత్తగా వాలు చేశారు. చదునైన తలలకు మళ్లీ గుండ్రనితనం తెచ్చే ఆకురాయి, ఆపై మెత్తని సాండ్‌పేపర్లు, చివర పాలిష్. మూడేసి ఫ్రెట్ల మీద చిన్న ఉక్కు బద్దను నిలబెట్టి, అది ఊగుతోందా లేదా అని ఒక్కొక్క చోట పరీక్షించాకే గిటార్ నా చేతికిచ్చారు. రెండో తీగ ఇప్పుడు వంచినంత దూరమూ పలుకుతోంది.

వైర్ల పని నేనే చేసుకున్నాను. వాల్యూమ్ తిప్పినప్పుడల్లా గరగర వినిపించేది. నాబ్ కింద తిరిగే భాగమైన పాటెన్షియోమీటర్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ చివరినుంచి ఈ చివరికి బాగా తిప్పితే అది పోయింది. టోన్ నియంత్రణ సంగతి వేరు. అసలు భాగం తీసేసి ఎవరో అమెరికా రకం పాటెన్షియోమీటర్ వేశారని, మెరుస్తున్న కొత్త సోల్డర్ చూస్తేనే తెలిసింది. జపాన్ భాగాల కాడ ఆరు మిల్లీమీటర్ల మందం, దాని చుట్టూ పళ్లు పద్దెనిమిది. అమెరికా రకానికి కాడ కాస్త లావు, పళ్లు ఇరవై నాలుగు. ఆ రెండూ ఒకదానితో ఒకటి కుదరకపోయినా పాత నాబ్‌ను బలవంతాన దించడంతో అది నిలువునా చీలింది. మెట్రిక్ కొలతలో 500 కిలో ఓమ్‌ల పాటెన్షియోమీటర్ తెచ్చి వేసి, నాబ్ చీలికను లోపలి నుంచి అతికించుకున్నాను. తీసేసిన భాగాన్ని పారేయలేదు గానీ దాచి ఏం చేస్తానో నాకే తెలియదు.

ఇంకొక చిక్కు ఉంది. యాంప్‌కు కలిపితే హమ్మని మోత వచ్చేది. తీగలను ముట్టుకున్నా అది తగ్గేది కాదు, జాక్ లోహాన్ని ముట్టుకుంటే మాత్రం తగ్గేది. అంటే వైర్ల వరకు గ్రౌండ్ సరిగానే ఉంది, తీగల వైపుకు వెళ్లే గ్రౌండ్ వైరు తెగిందన్నమాట. మల్టీమీటర్‌తో చూస్తే, తీగల చివరలను పట్టి ఉంచే టెయిల్‌పీస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య సంబంధమే లేదు. వెనుక మూత తీసి చూస్తే, వైరు సోల్డర్ దగ్గర విరిగి వేలాడుతోంది. ఒక్క చుక్క సోల్డర్‌తో ఆ మోత అణిగింది. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల జోలికి నేను పోలేదు. రెండింటి కాయిల్స్‌లోనూ తెగుదల లేదని మీటర్ చెప్పింది, కంపించి కూత పెట్టే జబ్బూ వాటికి లేదు.

ఆఖరున బ్రిడ్జ్ సవరణ. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను మృదువుగా తాకితే వచ్చే హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ పోల్చి చూడాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు. ఎన్నో ఏళ్లు కదలని శాడిల్ మరలు రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. చొచ్చుకుపోయే నూనె చుక్క వేసి మర్నాటి దాకా వదిలేస్తే గానీ కదలలేదు. స్క్రూడ్రైవర్‌తో బలం చూపితే మర తల పాడవుతుంది, అలాంటి మర మళ్లీ దొరకడం కష్టం. ఈ గిటార్ టెయిల్‌పీస్‌లో తీగ చివరి గుండును పైనుంచే గాడిలోకి దించవచ్చు, రంధ్రంలోంచి దూర్చనక్కర్లేదు. ఇంత తెలివైన ఏర్పాటు మిగతా గిటార్లకు ఎందుకు పాకలేదా అని తీగలు మార్చిన ప్రతిసారీ అనుకుంటాను.

వాయించడానికి కూర్చుంటే మొదట తెలిసేది బరువు. నాలుగు కిలోలు దాటింది. వెడల్పాటి పట్టీ లేకుండా గంటసేపు నిలబడి వాయించడం భుజానికి శిక్షే. తీగ పొడవు 628 మిల్లీమీటర్లు, అంటే ఫెండర్ తరహా 648 కంటే పొట్టి కనుక, 10 నుంచి 46 కొలత (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగలు కూడా వేలికి మెత్తగానే వంగుతాయి. నెక్ వైపు పికప్‌లో టోన్ కొంచెం తగ్గించి వాయిస్తే, స్వరం ముద్దగా మారకుండానే గుండ్రంగా, నిదానంగా ఆరుతుంది. బ్రిడ్జ్ వైపు పికప్ మాత్రం శుభ్రమైన శబ్దంలో కొంత కటువు. దాన్ని నేను డిస్టార్షన్ కలిపినప్పుడే వాడతాను.

రెండో ఫ్రెట్ ఎత్తు ఇప్పుడు 0.75 మిల్లీమీటర్లకు దిగింది. మరోసారి సమం చేయించేంత లోహం అక్కడ లేదు, ఈసారి గుంటలు పడితే కొత్త ఫ్రెట్లు వేయించుకోవలసిందే. అరుగుదల నెమ్మదించాలని స్టీలు తీగలు మానేసి మెత్తని శుద్ధ నికెల్ చుట్టిన తీగలు వేస్తున్నాను, ఎడమచేతి నొక్కుడూ తగ్గించుకుంటున్నాను. కొత్త ఫ్రెట్లు వేసే రోజు వస్తే, రోజ్‌వుడ్ పెచ్చులు లేవకుండా పాత ఫ్రెట్లను సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి తీయాలని పెద్దాయన ఇప్పుడే చెప్పి ఉంచారు.