నెల తప్పకముందే చూసుకోవాల్సిన అంకె

హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలిన ఆడవాళ్లు ఏఆర్‌టీ సెంటర్‌కు (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోటుకు) వస్తారు, బరువు చూపించుకుంటారు, మాత్రల డబ్బా తీసుకుని వెళ్తారు. పిల్లల మాట కౌన్సెలర్ ఎత్తరు, ఆమే ఎత్తదు. నెల తప్పాక హడావుడి మొదలవుతుంది. అప్పుడైనా చేయగలిగింది చాలా ఉంది, కానీ అసలు పని అంతకు ఆరు నెలల ముందు జరగాలి.

మందులే లేకపోతే కడుపులో, కాన్పులో, పాల ద్వారా అన్నీ కలిపి నూరుమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ సోకుతుంది. ఫ్రాన్స్‌లో 2000 నుంచి 2011 వరకు జరిగిన కాన్పులను లెక్కగట్టారు. గర్భం రాకముందు నుంచే మందులు వాడుతూ, కాన్పు నాటికి వైరల్ లోడ్ (ఒక మి.లీ. రక్తంలో ఉన్న వైరస్ లెక్క) 50 లోపు ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డలు 2,651 మంది. వాళ్లలో ఒక్కరికీ సోకలేదు. అక్కడి తల్లులు చనుబాలు ఇవ్వలేదన్నది గుర్తుంచుకోవాలి. పాల సంగతి కిందకు వస్తుంది.

కాబట్టి చూడాల్సింది వైరల్ లోడ్. సీడీ4 (రక్తంలోని రక్షణ కణాల లెక్క) మీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఎంతుందో చెబుతుంది, బిడ్డకు సోకే ముప్పు గురించి పెద్దగా చెప్పదు. మన దేశపు ఎయిడ్స్ నియంత్రణ ప్రోగ్రాంలో వైరల్ లోడ్ 1000 లోపు ఉంటే అదుపులో ఉన్నట్టే లెక్క. పిల్లలు కావాలనుకునేవాళ్లు అక్కడితో సరిపెట్టుకోకుండా 50 లోపుకు, వీలైతే 'కనిపించలేదు' అని రిపోర్టు వచ్చేదాకా ఆగడం మేలు. కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్లకు మొదటి వైరల్ లోడ్ పరీక్ష ఆరో నెలలో చేస్తారు. అప్పటిదాకా కండోమ్ తప్పదు. పాతవాళ్ల విషయంలో ఏడాది కిందటి రిపోర్టు చూపించి ధైర్యం చెప్పేస్తుంటారు. మధ్యలో ఏ పెళ్లికో ఊరెళ్లి రెండు వారాలు మాత్రలు మానేసి ఉంటే ఆ రిపోర్టు చెల్లని కాసే. కొత్త పరీక్ష అడగండి. 1000 దాటితే మూడు నెలలు ఒక్క పూటా తప్పకుండా వేసుకుని మళ్లీ చేయించుకోవాలి, గర్భం ఆలోచన అంతవరకు వాయిదా.

ఇక మాత్ర సంగతి. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ ఒకే మాత్రలో. 2018 మేలో బోట్స్వానా నుంచి ఒక వార్త వచ్చింది. గర్భం వచ్చేనాటికి డొలుటెగ్రావిర్ వాడుతున్న 426 మంది తల్లుల బిడ్డల్లో నలుగురికి వెన్నుపాము, మెదడు సరిగా మూసుకోని లోపం కనిపించిందని. దాంతో డాక్టర్లు వయసులో ఉన్న ఆడవాళ్లకు ఆ మందు ఇవ్వడానికి జంకారు. కాన్పుల లెక్క వేలల్లోకి వెళ్లేకొద్దీ ఆ తేడా కరిగిపోయింది. 2019 జులైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఇవ్వొచ్చని చెప్పింది. ఇప్పటికీ గర్భం కోసమని మాత్ర మార్చుకోమనేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. అదుపులో ఉన్న వైరల్ లోడ్‌ను కదపడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు.

ఆ లోపం భయం ఎవరికైనా ఫోలిక్ యాసిడ్ గుర్తుచేయాలి. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే అసలు ముప్పు దానిదే, గర్భానికి ముందే డాక్టరుతో మార్పించుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు ఇంకో 50 మిల్లీగ్రాముల డొలుటెగ్రావిర్ కలపాలి.

గర్భిణుల విషయంలో ఎక్కువగా తప్పు జరిగేది ఐరన్, కాల్షియం మాత్రల దగ్గర. వీటిలోని లోహం కడుపులో డొలుటెగ్రావిర్‌ను అంటుకుని ఒంటికి పట్టనివ్వదు. మూడూ రోజూ వేసుకుంటున్నా వైరల్ లోడ్ పెరిగిందంటే ముందు టైములు అడగాలి. రాత్రి ఎనిమిదికి అన్నం తిని కాల్షియం, పదికి టీఎల్‌డీ: చాలామంది చేసేది ఇదే, ఇదే తప్పు. ఖాళీ కడుపున అయితే టీఎల్‌డీ వీటికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ పడాలి. ఉదయం టిఫిన్‌తో ఒక కాల్షియం, మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నంతో ఇంకోటి, మూడున్నరకు ఐరన్, రాత్రి పదికి టీఎల్‌డీ అని పెట్టుకుంటే చిక్కు లేదు. లేదా అన్నం తింటూ కాల్షియం, టీఎల్‌డీ కలిపి వేసుకున్నా పర్వాలేదు. గ్యాస్ మందు సిరప్‌లకు (అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నవి) ఈ సడలింపు వర్తించదు, తిన్నా తినకపోయినా ఆ 2, 6 గంటల ఎడం ఉండాల్సిందే. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్‌తో ఇబ్బంది లేదు.

హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగర్, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ గర్భానికి ముందే అయిపోవాలి. హెపటైటిస్ బి కూడా ఉంటే టీఎల్‌డీ మానడం మరీ ప్రమాదం, కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు.

భర్త నెగెటివ్ అయి, ఆమె వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలిచి ఉంటే కలయిక వల్ల ఆయనకు సోకదు. ఇద్దరూ పాజిటివ్ అయితే ఆయన రిపోర్టూ చూడాలి. గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజుల లెక్కకు ఆరు నెలల నెలసరి తేదీలు రాసుకోండి: అతి చిన్న చక్రం నుంచి 18, అతి పెద్దదాని నుంచి 11 తీసేయాలి. 26, 30 రోజులైతే 8వ రోజు నుంచి 19వ రోజు వరకు.

గర్భం వచ్చాక 32 నుంచి 36 వారాల మధ్య మరోసారి వైరల్ లోడ్ చేయించుకోవాలి, బిడ్డకు ఏ మందు ఎన్నాళ్లన్నది దాన్నిబట్టే. సిజేరియన్ హెచ్‌ఐవీ కోసమే అక్కర్లేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేవాళ్లు సెంటర్‌లో ముందే చెప్పి, అక్కడికి దగ్గరి సెంటర్‌లో మాత్రలు అందేలా రాయించుకోవాలి. అమ్మకు చెప్పలేక మాత్రలు బీరువాలో దాచి పూటలు తప్పేది ఈ నెలల్లోనే.

తల్లి వైరల్ లోడ్ అదుపులో ఉంటే బిడ్డకు వైరస్ సోకకుండా నెవిరాపిన్ సిరప్ ఆరు వారాలు: రెండున్నర కిలోలు దాటితే రోజుకోసారి 1.5 మి.లీ., 2 నుంచి రెండున్నర మధ్య 1 మి.లీ. సిరంజితో కొలవాలి, చెంచాతో కాదు. ముప్పు ఎక్కువుంటే జిడోవుడిన్ అనే ఇంకో మందు కూడా ఇస్తారు, చనుబాలు తాగుతుంటే రెండూ 12 వారాలు.

మందులు సరిగ్గా వాడే తల్లి పాల ద్వారా సోకే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ, కానీ సున్నా కాదు. ఆరు నెలలు చనుబాలొక్కటే, లేదా పోతపాలొక్కటే. తేనె, వస, ఆముదం, ఎండాకాలమని నీళ్లు, ఏవీ వద్దు. బయటివి లేత పేగు పొరను రేపుతాయి, వైరస్‌కు దారి దొరుకుతుంది. అయితే అత్తగారో ఎవరో ఒకసారి పట్టేశారని చనుబాలు మానేయకండి. చనుమొన పగిలినా రొమ్ము వాచినా ఆ వైపు పాలు పిండి పారబోసి, రెండో వైపు ఇవ్వండి.

బిడ్డకు ఆరు వారాలకు డీఎన్‌ఏ పరీక్ష (నేరుగా వైరస్‌నే వెతికేది) చేస్తారు, ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ పరీక్షిస్తారు. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను కార్డు మీద ఆరబెట్టి పంపుతారు. మామూలు యాంటీబాడీ పరీక్షలో (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే పదార్థాలను వెతికేది) తల్లి నుంచి వచ్చినవే కనిపించి పాజిటివ్ అని రావచ్చు, దానికి కంగారు పడొద్దు. ఆఖరి పరీక్ష 18 నెలలకు. అప్పటికింకా పాలు తాగుతుంటే మాన్పించిన మూడు నెలల తర్వాత చేయించాలి.